బోదిల్ గొంతుకు గడువు

ఎగోన్ క్విస్ట్ పొద్దున్నే లేచి మొదట చేసే పని, భార్య గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడం. కాఫీకి నీళ్ళు పెట్టి, వంటింటి బల్ల మీదున్న ల్యాప్‌టాప్ మూత తీసి, ‘శుభోదయం’ అని టైపు చేసి మీట నొక్కుతాడు. "శుభోదయం" అంటుంది బోదిల్ గొంతు, చివర కాస్త సాగదీసి, ఎవరినో ఆటపట్టిస్తున్నట్టు. ఆ సమయానికి అసలు బోదిల్ మేడ మీద గదిలో ఇంకా నిద్రపోతూ ఉంటుంది.

ఆరేళ్ళ క్రితం కాన్సర్ వచ్చి ఆమె స్వరపేటిక తీసేశారు. తీసేస్తామని చెప్పిన రోజుకూ ఆపరేషన్ రోజుకూ మధ్య పదహారు రోజులు దొరికాయి. ఆ పదహారు రోజులూ బోదిల్ ఒక చిన్న గదిలో మైకు ముందు కూర్చుని వందలకొద్దీ వాక్యాలు చదివింది. వాటిలోంచి ఒక చిన్న కంపెనీ ఆమె గొంతును తయారుచేసి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఆమె ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతో పలుకుతుంది. డాక్టర్లు ఆమె మెడలో ఒక చిన్న వాల్వు కూడా అమర్చారు. మెడ మీది రంధ్రాన్ని వేలితో మూసుకుని ఊపిరి వదిలితే గరగరలాడే గొంతు ఒకటి వస్తుంది. దాన్ని ఆమె వాడదు. ఎందుకు వాడవని ఎగోన్ ఎప్పుడూ అడగలేదు.

ల్యాప్‌టాప్‌లోని గొంతు మాత్రం వాళ్ళుండే చిన్న ద్వీపమంతా ఎరిగినదే. ముప్ఫై ఏళ్ళ పాటు ప్రతి గురువారం సాయంత్రం ఊరి హాలులో బాంకో ఆటకు, అదే హౌసీకి, అంకెలు పిలిచింది బోదిలే. గెలిచినవాళ్ళకు ఒక పంది మాంసం దిమ్మో రెండు కాఫీ పొట్లాలో దక్కేవి. నిజానికి జనం వాటికోసం వచ్చేవారు కాదు, ఆమె నోటి దురుసు వినడానికి వచ్చేవారు. "పదకొండు! పాస్టరు గారి కాళ్ళు!" అని ఆమె అరిస్తే పాస్టరు గారే ముందు నవ్వేవాడు.

సెప్టెంబరు చివరి వారంలో సహాయ పరికరాల కేంద్రం నుంచి ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది. ల్యాప్‌టాప్ కేంద్రం వాళ్ళది, వీళ్ళకు వాడుకోవడానికి ఇచ్చారంతే. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైపోయింది, అక్టోబరు పద్నాలుగు తర్వాత దానికి రక్షణ ఉండదు, అంతలోపల రెండు రోజులు పరికరాన్ని మాకు అప్పగిస్తే కొత్తది ఎక్కించి ఇస్తాం అన్నది ఉత్తరం సారాంశం. కింద రెండు గళ్ళు. ఒకటి, ‘గడువులోపే అప్‌గ్రేడ్ చేయండి’. రెండోది, ‘నవంబరు చివరిదాకా వాయిదా వేయండి’. వాయిదా కాలంలో ఏం జరిగినా కేంద్రానికి బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో ఉంది. జవాబుకు ఆరో తేదీ ఆఖరు.

ఎగోన్ కళ్ళు ఆ తేదీల మీద కాదు, గోడ మీది క్యాలెండరు మీదకు పోయాయి. అక్టోబరు ఇరవై ఐదుకు వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతాయి. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఆ రోజు పొద్దున ఏడింటికల్లా ఇరుగుపొరుగంతా వచ్చి గుమ్మానికి ఫర్ చెట్టు కొమ్మల తోరణం కట్టి, పాట పాడి, దంపతులను నిద్రలేపుతారు. అప్పుడు గుమ్మంలో నిలబడి కృతజ్ఞతలు చెప్పాల్సింది ఇల్లాలే. పాతికేళ్ళు నిండిన వెండి పెళ్ళిరోజున బోదిల్ చెప్పిన నాలుగు మాటలకు జనం గేటు పట్టుకుని మరీ నవ్వారు. ఈసారి కూడా ఆ గొంతుతోనే చెప్పాలని ఎగోన్ ఆరు నెలలుగా కలలు కంటున్నాడు.

కేంద్రానికి ఫోను చేశాడు. అవతల ఒక కుర్ర ఇంజనీరు. మంచివాడే, ముక్కుసూటి మనిషి. అదే కొంప ముంచింది.

"గొంతు ప్రోగ్రామ్ చేసిన కంపెనీ మూతపడింది కదండీ. కొత్త సిస్టమ్ మీద చాలామందికి బాగానే పనిచేస్తోంది."

"చాలామందికి అంటే?"

"ఇద్దరికి తెరుచుకోలేదు."

"అప్పుడేం చేశారు?"

"మా దగ్గర రెడీమేడ్ ఆడగొంతులు నాలుగున్నాయండీ. అందులో ఒకటి పెట్టాం. చాలా హాయిగా ఉంటాయి."

"మళ్ళీ పాతది ఎక్కిస్తే?"

"ఎక్కించొచ్చు. కానీ గొంతు తిరిగొస్తుందని నేను మాటివ్వలేను."

"ఆవిడ అప్పట్లో చదివిన రికార్డింగులు ఉంటాయిగా?"

"కంపెనీతో పాటే పోయాయండీ."

ఎగోన్ ఫోను పెట్టేశాడు. నలభై ఏళ్ళు ఫెర్రీ ఇంజన్ గదిలో పనిచేసిన మనిషి అతను. ప్రయాణానికి ముందు నడుస్తున్న ఇంజను మీద చెయ్యి వేయకూడదన్నది అక్కడ మొదటి రోజే నేర్పే పాఠం. చిన్న చప్పుడొస్తోందని విప్పితే రేవులోనే పడి ఉంటావు. కాబట్టి వాయిదా వేయాలి. అంతవరకూ తేలికే. కానీ ఆ వాయిదా రోజుల్లో ఏ దొంగ వైరసో దూరి గొంతునే మింగేస్తే? ల్యాప్‌టాప్ మాత్రం తక్కువ తిన్నదా, వారానికి రెండుసార్లు బిగుసుకుపోతోంది, దాని ఫ్యాను ఉబ్బసం మనిషిలా రొప్పుతోంది. ఇంటర్నెట్ తీసేద్దామంటే నార్వేలో ఉన్న చెల్లెలితో బోదిల్ రోజూ మాట్లాడేది దాంట్లోనే. అటు దూకుదామన్నా భయమే, ఇటు ఆగుదామన్నా భయమే. అలా వారం రోజులు మీనమేషాలు లెక్కపెట్టాడు. ముందు తిండి తగ్గింది, తర్వాత మాట తగ్గింది.

ఆ వారంలోనే పక్కింటి ప్రెబెన్ టేపు పట్టుకుని వచ్చాడు. తోరణం కట్టే పెద్ద అతనే. తోరణం సంగతి దంపతులకు తెలియనట్టే అందరూ నటించాలి, దంపతులూ తెలియనట్టే నటించాలి. అందుకని ప్రెబెన్ గుమ్మం కొలుస్తూ, "ఈ తలుపు సందులోంచి చలిగాలి వస్తోందోయ్, చూసి పోదామని" అన్నాడు.

"చూడు చూడు. గాలి ఎంత వెడల్పుందో రాసుకో" అన్నాడు ఎగోన్.

ప్రెబెన్ సిగ్గుపడకుండా రాసుకున్నాడు. తర్వాత ఉత్తరం సంగతి విని బల్ల దగ్గర బైఠాయించాడు. "వాయిదా వెయ్యవోయ్. నా ఫోనులో కొత్తది ఎక్కించినప్పటి నుంచీ మా ఆవిడ ఫోటోలన్నీ నెత్తి కిందా కాళ్ళు పైనా అయి కూర్చున్నాయి."

"అయితే వద్దంటావా?"

"వద్దనను. మా బావమరిది వాయిదా వేసి వేసి చివరికి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు."

"ఇంతకీ ఏం చెయ్యమంటావు?"

"అదే, ఆలోచించి చెయ్యి" అని రెండో కప్పు కాఫీ కూడా తాగి వెళ్ళిపోయాడు ప్రెబెన్. సలహా ఇచ్చిన తృప్తి అతని నడకలో కనబడింది.

ఆదివారం మధ్యాహ్నం కూతురు మాయ్‌బ్రిత్ ఫెర్రీలో వచ్చింది. సముద్రం అవతల పట్నంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. రై రొట్టె మీద ఊరవేసిన హెర్రింగ్ చేప పెట్టుకుంటూనే మొదలుపెట్టింది.

"నాన్నా, ఇప్పుడే చేయించెయ్. ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి పది రోజులుంటాయి. వాయిదా వేసి, సరిగ్గా ఇరవై నాలుగో తేదీన అది చచ్చి కూర్చుంటే అప్పుడేం చేస్తావ్?"

"చావదు. రోజూ నేను చూసుకుంటున్నా."

"చూసుకోవడానికి అది ఆవు కాదు నాన్నా!"

"తెరుచుకోని ఆ ఇద్దరి సంగతేంటి? వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడెవరు మాట్లాడుతున్నారు? రెడీమేడ్ ఆడగొంతుట! ఎవతో ఊరూ పేరూ లేని మనిషి నా వంటింట్లో కూర్చుని నన్ను కాఫీ అడుగుతుందా?"

"ఎందుకలా అరుస్తావ్?"

"అరవట్లేదు!" అని అరిచాడు ఎగోన్.

బల్ల చివర బోదిల్ వేళ్ళు మీటల మీద కదిలాయి. "ఈ ఆటలో నాకూ ఒక చీటీ ఇస్తారా, లేక ఊరికే అంకెలు పిలవమంటారా?" అంది ల్యాప్‌టాప్.

తండ్రీ కూతుళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. "విన్నావా? ఆ వెటకారం విన్నావా?" అన్నాడు ఎగోన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇది పోతే ఎక్కణ్ణుంచి తెస్తావే?" ఆ వెంటనే మళ్ళీ ఇద్దరూ వాదనలో పడ్డారు. బోదిల్‌కు చీటీ ఎవరూ ఇవ్వలేదు. ఆమె కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గిన్నెలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం ఫెర్రీకి మాయ్‌బ్రిత్ వెళ్ళిపోయేదాకా ఉత్తరంలో రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.

మర్నాడు సోమవారం, జవాబుకు ఆఖరి రోజు. భోజనం కాగానే ఎగోన్, "ఫ్యానులో దుమ్ము ఊదుకొస్తా" అని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పెరట్లోని కొట్టంలోకి వెళ్ళాడు. అది అబద్ధం. ఏ గడి నొక్కినా గొంతు పోవచ్చని అతని మనసుకు తోచేసింది. పోయేలోపు కొంతైనా దాచుకుందామనుకున్నాడు. పనిబల్ల మీది రెంచీలను పక్కకు నెట్టి, ల్యాప్‌టాప్ పెట్టి, దాని పక్కన ఫోనును రికార్డింగులో ఉంచాడు. టైపు చేయడం, మీట నొక్కడం, వినడం.

"ఎగోన్, బూట్లు తుడుచుకుని రా."

"ఎగోన్, భోజనానికి రా, చల్లారిపోతోంది."

"ఎగోన్, నిద్ర పట్టలేదా?"

ఒక్కొక్కటీ విన్నకొద్దీ ఇంకొకటి కావాలనిపించింది. బోదిల్ ఏ ఏ సందర్భాల్లో ఏమేం అనేదో గుర్తు తెచ్చుకుని టైపు చేశాడు. అవి అయిపోయాక ఎప్పుడూ అననివి టైపు చేయడం మొదలుపెట్టాడు. అలా ముప్ఫై ఏడయ్యాయి. ముప్ఫై ఎనిమిదోది కొట్టి, చాలాసేపు మీట మీద వేలు ఉంచి, చివరికి నొక్కాడు.

"ఎగోన్, నువ్వు చాలా మంచివాడివి."

"నేనలా అనలేదు."

ఆ రెండో మాట ల్యాప్‌టాప్ అనలేదు. అది వెనకనుంచి వచ్చింది, గరగరమంటూ, లోతుగా, ఊపిరి సగం కలిసిపోయి. ఎగోన్ ఉలిక్కిపడి తిరిగాడు. కొట్టం గుమ్మంలో బోదిల్ నిలబడి ఉంది. మెడ చుట్టూ ఎప్పుడూ ఉండే రుమాలు ఎడమ చేతిలో ఉంది. కుడిచేతి వేలు మెడ మీద ఉంది.

"యాభై ఏళ్ళలో ఒక్కసారైనా అన్నానా?" అంది. ప్రతి రెండు మాటలకూ ఆగి గాలి తీసుకోవాల్సి వచ్చింది. ఎగోన్ చెయ్యి అలవాటుగా ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు జరిపింది, టైపు చేసుకోమన్నట్టు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "అదిగో. రోజూ ఇదే పని."

"నీకు శ్రమ అవుతుందని..."

"ఆపరేషనయ్యాక. మొదటిసారి. వంటింట్లో నీ పేరు పిలిచాను. గుర్తుందా?"

ఎగోన్ రెంచీలను వరసగా సర్దసాగాడు. గుర్తు లేక కాదు.

"వాననీటి గొట్టం చూసొస్తానని వెళ్ళిపోయావు." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "ఆ రోజు వాన లేదు."

ఆరేళ్ళుగా ఆమె గమనించలేదనే అనుకున్నాడతను. ఆ రోజు వెనక పెరట్లో నిచ్చెన ఎక్కి, ఎండిపోయిన గొట్టంలో చెయ్యి పెట్టి, చలికి వేళ్ళు మొద్దుబారేదాకా అక్కడే ఉన్నాడు. లోపలికి వచ్చాక ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ముందు పెట్టాడు. అంత ప్రేమగా పెట్టాననుకున్నాడు. ఆ తర్వాత ఆమె మెడ మీద వేలు పెట్టగా మళ్ళీ చూడలేదు.

"నాకు భయమేసింది బోదిల్" అన్నాడు. "పిలిచింది నువ్వు కాదనిపించింది. నిన్ను తీసుకుపోయి ఇంకెవరినో పంపారనిపించింది. సిగ్గుచేటు, కానీ అదే నిజం."

"నేనే" అంది ఆమె.

అంతే అంది. రెంచీల పక్కన ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అతను చూసుకుని ఆపాడు.

"గడువులోపే చెయ్యమని రాయి" అంది బోదిల్. "మీరిద్దరూ అడగలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నా. ఉంటే మంచిదే. నా చెల్లెలికి ఫోనులో ఈ గరగర అర్థం కాదు."

"పోతే?"

"పోతే ఆవిడ పోతుంది. నేనుంటాను."

ఎగోన్ వంటింట్లోకి వచ్చి, మొదటి గడి మీద నొక్కి, జవాబు పంపించాడు. ధైర్యం వచ్చి పంపాడనుకుంటే పొరపాటు. ఆ రాత్రంతా ఇంజనీరు చెప్పిన ఆ ఇద్దరి గురించే ఆలోచించాడు.

గురువారం ల్యాప్‌టాప్‌ను కేంద్రంలో ఇచ్చి వచ్చారు. ఇంట్లో రెండు రోజులు బోదిల్‌కున్న గొంతు ఒక్కటే. మొదటి పూట ఎగోన్‌కు సగం కూడా అర్థం కాలేదు. "ఏంటీ?" అంటే ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ "ఏంటీ?" అంటే, "చెవిలో ఏం పెట్టుకున్నావు, ముసలోడా?" అంది. అది మాత్రం మొదటిసారే అర్థమైంది. రెండో పూటకు ఆమె ఎక్కడ గాలి తీసుకుంటుందో తెలిసింది, ఆ జాగాలో తను మాట్లాడకుండా ఆగడం నేర్చుకున్నాడు. శుక్రవారం ఉదయం ఆమె ప్రెబెన్ నడకను వర్ణిస్తుంటే కాఫీ పొలమారేంతగా నవ్వాడు. వెటకారం ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్ళూ అది ల్యాప్‌టాప్‌లో ఉందని అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా మధ్యాహ్నం ఫోను ఒక్కసారి మోగీ మోగగానే ఎత్తేశాడు.

"తెరుచుకుందండీ. కొంచెం నిదానంగా లేస్తోంది గానీ, గొంతు భద్రంగా ఉంది" అన్నాడు కుర్ర ఇంజనీరు.

ఎగోన్ రిసీవరు చేత్తో మూసి ఆ మాట బోదిల్‌కు చెప్పబోయి, చెప్పలేక ఏడ్చాడు. ఆమె అతని వీపు తట్టింది. "సరే, సరే. నీ ఆవిడ బతికే ఉంది" అంది. ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాక, పొద్దున్నే లేచి దాని మూత తీయడం మానేయాలనుకున్నాడు. రెండు రోజులు మానేసి, మూడో రోజు తీశాడు. అలవాట్లు అంత తొందరగా పోవు మరి.

ఇరవై ఐదో తేదీ శనివారం. ఎగోన్ తెల్లవారుజామునే లేచి గడ్డం గీసుకుని, రొట్టెలు ఓవెన్లో పెట్టి, మంచి ప్యాంటు మీద నిద్ర గౌను తొడుక్కుని, అప్పుడే లేచినవాడిలా జుట్టు చెదరగొట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌ను తెరిచి నడవాలో కుర్చీ మీద సిద్ధంగా పెట్టాడు. కృతజ్ఞతలు ముందే టైపు చేసి ఉంచమంటే బోదిల్ "చూద్దాం" అంది, కానీ ఏమీ టైపు చేయలేదు. ఊరంతా ఉంటుంది. అంకెలు పిలిచిన గొంతు విన్నవాళ్ళే అందరూ. వాళ్ళలో ఎవరైనా మొహం తిప్పుకుంటే? తను తిప్పుకోలేదూ?

ఏడింటికి పాట మొదలైంది. తలుపు తీస్తే ఫర్ కొమ్మల తోరణం, కాగితం గులాబీలు, మధ్యలో బంగారు రంగు యాభై. ముప్ఫై మంది పైచిలుకు చలికి ముక్కులు ఎర్రబడి నిలబడి పాడుతున్నారు. ఎగోన్ ఆశ్చర్యపోయినట్టు నటించాడు, అందరూ నమ్మినట్టు నటించారు. పాట అయిపోయింది. ముంగిట్లోని జెండా కర్ర తాడు గాలికి టకటకా కొట్టుకుంటోంది. అందరూ బోదిల్ వైపు చూశారు.

ఆమె ఒక అడుగు ముందుకు వేసి, రుమాలు సడలించి, మెడ మీద వేలు పెట్టుకుని ఏదో చెప్పింది.

ఎగోన్‌కు మొదటిసారే అర్థమైంది. ఇంకెవరికీ అర్థం కాలేదు. గరగరలు ఆగాక ముప్ఫై మొహాల మీదా ఒకటే ఇబ్బంది, ఏం చేయాలో తోచని నవ్వు ఒకటి. ముందు వరుసలో ఎవరో బూట్ల వైపు చూసుకున్నారు. ప్రెబెన్ మెడ సాచి, "ఏమందోయ్?" అని ఎగోన్‌ను అడిగాడు. ముందురోజే ఫెర్రీలో వచ్చి పక్కనే నిలబడి ఉన్న మాయ్‌బ్రిత్ కంగారుగా నడవా వైపు తిరిగింది.

"నాన్నా, కంప్యూటర్ తే, తొందరగా!"

కుర్చీ చేతికందే దూరంలోనే ఉంది. ఎగోన్ కదల్లేదు. ఆమె ఏమన్నదో ప్రెబెన్‌కు చెప్పనూ లేదు.

"మళ్ళీ చెబుతుంది" అన్నాడు అందరికీ వినబడేలా. "కాస్త ఆగి వినండి."

బోదిల్ ఒకసారి అతని వైపు చూసి, ఊపిరి నిండా పీల్చుకుని, వేలు సరిగా ఆనించుకుంది.

"రొట్టెలు మాడిపోతున్నాయి" అంది. "లోపలికి రండి."